పక్షవాతం తర్వాత "మనసు రావట్లేదు" అంటుంటే: ఒడిశా సరిహద్దు తెలుగు ఇళ్ళ నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, అటు దాటితే పాతపట్నం. ఈ చుట్టుపక్కల ఇళ్ళకి వెళ్ళి స్ట్రోక్ వచ్చినవాళ్ళ చేత ఎక్సర్‌సైజులు చేయించడం నా పని. చెయ్యి ఎలా తిప్పాలి, కాలు ఎలా వెయ్యాలి అని అడిగేవాళ్ళు తక్కువ. "చెప్తే వినడు, చెయ్యడు, మీరొచ్చి గట్టిగా చెప్పండి సార్" అనేవాళ్ళే ఎక్కువ. అవే సందేహాలు ఫోన్లో, వాట్సాప్‌లో మళ్ళీ మళ్ళీ వస్తుంటే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీరు ఏ దశలో ఉంటే అక్కడికి నేరుగా వెళ్ళి చదువుకోండి, వరసగా చదవక్కర్లేదు.

## ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో

వచ్చిన మర్నాడే లేపి కూర్చోబెట్టమంటున్నారు, నాన్నేమో కళ్ళు మూసుకుని పడుకుంటున్నాడు. బలవంతంగానైనా లేపాలా?

డాక్టరు సరే అన్నాక కూర్చోబెట్టడం మంచిదే, కానీ మొదటి రోజు నుంచే గంటలకి గంటలు చేయించాలన్న ఆత్రం వద్దు. అవర్ట్ అనే పెద్ద పరిశోధన 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, 2104 మంది రోగులతో చేశారు. మొదటి 24 గంటల్లోనే మొదలుపెట్టి ఎక్కువ మోతాదులో లేపి తిప్పినవాళ్ళ ఫలితాలు మామూలుగా చూసినవాళ్ళ కన్నా కాస్త తగ్గాయి. కాసేపు కూర్చోబెట్టి, పడుకోనిచ్చి, మళ్ళీ కాసేపు కూర్చోబెట్టడం నయం. మొదటి వారంలో మనిషి నిద్రమత్తుగా ఉంటే అది మెదడు దెబ్బ తిన్నందువల్ల వచ్చిన మత్తు. దాన్ని మొండితనం కింద లెక్క వెయ్యకండి.

"నా చెయ్యి బాగానే ఉంది, మీరే గొడవ చేస్తున్నారు" అంటున్నాడు. ఎడమ చెయ్యి అసలు కదలట్లేదు! ఇదేం మొండితనం?

మెదడు కుడివైపు దెబ్బ తిని శరీరం ఎడమవైపు పడిపోయినవాళ్ళలో ఇలా జరుగుతుంది. తనకి జబ్బు ఉన్న సంగతే మెదడుకి తెలియదు. కొందరు కంచంలో ఎడమవైపు అన్నం వదిలేస్తారు, ఎడమవైపు నిలబడి పిలిస్తే పలకరు. వాదించి ఒప్పించలేరు, వాదిస్తే ఇంట్లో పోట్లాట మిగులుతుంది. చాలామందిలో వారాలు గడిచేకొద్దీ ఇది తగ్గుతుంది. ఈలోపు మంచం పక్కన స్టూలు, మంచినీళ్ళు, ఫోను ఎడమవైపు పెట్టి, మీరూ ఎడమవైపు కూర్చుని మాట్లాడించండి. చెయ్యి బాగానే ఉందన్న ధీమాతో ఒక్కడే లేచి పడిపోయే ప్రమాదం ఉంది కనుక రాత్రిళ్ళు ఎవరో ఒకరు దగ్గర పడుకోవాలి.

అమ్మ ఊరికే ఏడుస్తోంది. మనవరాలు వచ్చినా ఏడుపే, టీవీలో పెళ్ళి చూసినా ఏడుపే. ధైర్యం పోయిందా?

ఏడుపు ఠక్కున వచ్చి ఠక్కున ఆగిపోతోందా? ఏడుస్తూ కూడా "నాకేం బాధ లేదే, ఎందుకొస్తోందో తెలీదు" అంటోందా? అలాగైతే అది భావాల మీద మెదడు పట్టు సడలడం. స్ట్రోక్ తర్వాత మొదటి ఆరు నెలల్లో సుమారు అయిదుగురిలో ఒకరికి ఉంటుంది. కొందరికి ఏడుపు బదులు నవ్వొస్తుంది, చావింట్లో నవ్వితే చుట్టాలు ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు. పెద్దది చెయ్యకుండా మాట మార్చండి, ఎక్సర్‌సైజు ఆపకండి. మరీ ఎక్కువైతే మందులున్నాయి, డాక్టరుకి చెప్పండి. రోజంతా దిగులుగా, తిండి నిద్ర లేకుండా ఉంటే మాత్రం అది డిప్రెషన్ అయ్యుండొచ్చు, దానికి వేరే వైద్యం.

నిజం చెప్పాలా, లేక "నెల రోజుల్లో లేచి తిరుగుతావు" అని ధైర్యం చెప్పాలా?

తారీఖు పెట్టకండి. నెల అన్నారనుకోండి, ముప్పయ్యో రోజు పొద్దున్న ఆయన చెయ్యి చూసుకుంటాడు, ఆ రోజు నుంచి మీ మాట నమ్మడు, నా మాట అసలే నమ్మడు. "మొదటి మూడు నెలల్లో ఎక్కువ మార్పు వస్తుంది, తర్వాత నెమ్మదిగా వస్తుంది, ఎంతవరకు వస్తుందో చేసుకుంటూ చూడాలి" అని చెప్పండి. అబద్ధం లేదు, ఆశా పోదు. ఇంకో సంగతి, డాక్టరు ఒకటి, నర్సు ఒకటి, పక్క బెడ్డు వాళ్ళ అల్లుడు ఇంకొకటి చెప్తే రోగికి ఏది నమ్మాలో తెలియక చెయ్యడమే మానేస్తాడు. ఇంట్లోవాళ్ళంతా ఒకే మాట మీద ఉండండి.

## ఇంటికి తెచ్చిన మొదటి వారాలు

ఆసుపత్రిలో బాగానే చేసేవాడు. ఇంటికొచ్చాక మంచం దిగట్లేదు. బద్ధకమేనా?

నన్నడిగితే "బద్ధకం" అన్న మాటని ఓ ఆరు నెలలు ఇంట్లో నిషేధించాలి. ఆ ఒక్క మాట కింద కనీసం నాలుగు వేరు వేరు కారణాలు దాక్కుని ఉంటాయి, ఒక్కోదానికి మందు వేరు.

డిప్రెషన్: స్ట్రోక్ వచ్చినవాళ్ళలో దగ్గరదగ్గర ముగ్గురిలో ఒకరికి వస్తుంది. దిగులు, ఆకలి పోవడం, తెల్లారుజామున మెలకువ, "నా వల్ల అందరికీ కష్టం" అన్న మాటలు ఉంటాయి.

ఉదాసీనత: మనిషికి బాధ ఉండదు, కోరికా ఉండదు. అడిగితే నవ్వుతాడు, "చేద్దాంలే" అంటాడు, చెయ్యడు. పనిని మొదలుపెట్టించే మెదడు భాగాలు దెబ్బ తింటే ఇలా ఉంటుంది. ఇలాంటివాళ్ళకి "ఎప్పుడు చేస్తావు?" అనే ప్రశ్న దండగ. టీ తాగగానే గోడ దగ్గర నిలబడటం అని ఒక వేళ పెట్టి, పక్కన నిలబడి మీరే మొదలుపెట్టిస్తే చాలామంది చేసేస్తారు.

అలసట: స్ట్రోక్ తర్వాత వచ్చే అలసటకి ముందు రోజు చేసిన పనితో సంబంధం ఉండదు. స్నానం చేసి చొక్కా వేసుకునే సరికే మనిషి అయిపోతాడు. కఠినమైన పని పొద్దున పెట్టండి, మధ్యలో పడుకోనివ్వండి. గట్టిగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంటే నిద్రలో శ్వాస సమస్య ఉండొచ్చు, అది స్ట్రోక్ వచ్చినవాళ్ళలో చాలా ఎక్కువ, డాక్టరుకి చూపించాలి.

భయం: ఆసుపత్రిలో పట్టుకోవడానికి రాడ్లు, నున్నని నేల, పక్కన మనిషి. ఇంట్లో ఎత్తు గడప, తడి వాకిలి, దూరంగా పెరట్లో దొడ్డి. ఒకసారి కాలు జారితే మళ్ళీ లేవాలంటే గుండె దడ. ఇక్కడ ధైర్యవచనాలు పనిచెయ్యవు, గోడకి ఒక కర్ర బిగించండి, వరండాలో రబ్బరు చాప వెయ్యండి.

అన్నం మేమే తినిపిస్తున్నాం, లుంగీ మేమే కడుతున్నాం, గ్లాసు కూడా నోటికి అందిస్తున్నాం. ఇంత ప్రేమగా చూసుకుంటుంటే మీరేంటి తిడతారు?

తిట్టడం లేదు, కానీ మనిషిని పాడు చేస్తున్నది ఇదే. 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. 22 మంది రోగులతో కూర్చుని మాట్లాడారు, అందులో కొందరు హుషారుగా చేసేవాళ్ళని, కొందరు మనసు పెట్టరని ఆసుపత్రి సిబ్బంది ముందే చెప్పినవాళ్ళు. రోగుల ఉత్సాహాన్ని చంపేవాటిలో ఇంట్లోవాళ్ళ అతి జాగ్రత్త ఒకటని అందులో తేలింది. నాకు ఆశ్చర్యమేమీ అనిపించలేదు, మన ఇళ్ళల్లో రోజూ చూసేదే. "నువ్వు కదలకు మావయ్యా, నేనున్నాగా" అని కోడలు అంటుంది, ఆ మాటకి అర్థం ఆయన చెవిలో "నీ వల్ల కాదు" అని పడుతుంది.

దీనికి శరీరం వైపు నుంచి కూడా లెక్క ఉంది. పడిపోయిన చేత్తో మొదట్లో ఏ పని చేసినా తప్పిపోతుంది, మంచి చేత్తో చేస్తే అయిపోతుంది, పక్కవాళ్ళు చేస్తే ఇంకా త్వరగా అయిపోతుంది. దాంతో కాస్తో కూస్తో శక్తి తిరిగొచ్చిన తర్వాత కూడా ఆ చెయ్యి వాడాలన్న సంగతే మెదడు మర్చిపోతుంది.

మరి ఏం చెయ్యాలి? ఆలస్యమైనా ఆయన చేత చేయించండి. చొక్కా బొత్తాల్లో కింది రెండు ఆయనకి వదిలెయ్యండి. చోడి అంబలి గ్లాసు సగమే నింపి రెండు చేతులతో పట్టుకోమనండి, ఒలికితే తుడుచుకోవచ్చు. మింగడంలో ఇబ్బంది ఉందని డాక్టరు చెప్పి ఉంటే మాత్రం ఏది తాగించాలో ఎలా తాగించాలో ఆ డాక్టరు చెప్పినట్టే చెయ్యండి. సాయం చెయ్యద్దని అనట్లేదు, అడిగేదాకా ఆగమంటున్నాను. ఆ ఆగడం మీకెంత కష్టమో నాకు తెలుసు, చూస్తూ కూర్చోవడం కన్నా చేసెయ్యడం సులువు.

ఎక్సర్‌సైజ్ పేరెత్తితే అత్తయ్య వణికిపోతోంది. భుజం పట్టుకుని ఏడుస్తోంది.

ముందు మీరు ఆవిడని మంచం మీంచి ఎలా లేపుతున్నారో చూసుకోండి. పడిపోయిన చెయ్యి పట్టి లాగుతున్నా, చంకల్లో చేతులు పెట్టి ఎత్తుతున్నా భుజం కీలు సాగి నొప్పి పుడుతుంది. నొప్పి ఉన్నచోట మనసు ఎక్కడి నుంచి వస్తుంది? నడుము దగ్గర పట్టుకుని లేపడం నేర్చుకోండి, కూర్చున్నప్పుడు ఆ చేతి కింద తలగడ పెట్టండి. నొప్పి వచ్చేదాకా లాగి తిప్పితేనే పని జరుగుతుందన్నది తప్పుడు నమ్మకం.

రోజూ చుట్టాలు పరామర్శకి వస్తున్నారు. వాళ్ళు వెళ్ళాక నాన్న గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు.

పడుకోడూ మరి! "అయ్యో, ఎలాంటి మనిషి ఎలా అయిపోయాడు", "మా ఊళ్ళో ఒకాయనకి ఇలాగే వచ్చి మూడేళ్ళు మంచంలోనే ఉన్నాడు", ఇవన్నీ ఆయన ఎదురుగానే, ఆయనకి వినపడదన్నట్టు మాట్లాడతారు. మన వైపు పరామర్శ మానిపించలేం, పద్ధతి మార్చొచ్చు. గుమ్మం దగ్గరే చెప్పండి, "జబ్బు సంగతి వద్దు బాబాయ్, పంట సంగతి మాట్లాడండి, ఈ ఏడు జీడి రేటెంతుందో చెప్పండి" అని. వచ్చినవాళ్ళకి ఆయన చేతే తాంబూలం పళ్ళెం ఇప్పించండి. ఒకరిద్దరు పాత స్నేహితులు సాయంత్రం వచ్చి పేకముక్కలు పరిస్తే అది నా గంట ఎక్సర్‌సైజు కన్నా నయం, వేళ్ళు కదులుతాయి, లెక్క కూడా ఆలోచించాలి.

పావురం రక్తం రాస్తే వస్తుందంటున్నారు. కొండ మీద పసరు మందు ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. వెళ్ళమంటారా?

పావురం రక్తం వల్ల నరాలు తిరిగి రావు. నా అసలు భయం రక్తం గురించి కూడా కాదు. పసరు తాగేవాళ్ళని బీపీ, షుగరు, రక్తం పలచబడే మాత్రలు మానెయ్యమంటారు, పథ్యమని నలభై రోజులు కదలనివ్వరు. మాత్రలు మానితే రెండో స్ట్రోక్, కదలకపోతే కండ కరిగిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళ పట్టుదల వల్ల మజ్జిగౌరమ్మకి మొక్కుకున్నా, దిష్టి తీసినా నాకేం అభ్యంతరం లేదు. నమ్మకం మనిషిని లేపి కూర్చోబెడితే మంచిదే. మాత్ర ఆపొద్దు, నోట్లోకి తెలియని మందు పొయ్యొద్దు, అంతే.

నాన్నకి మాట పడిపోయింది. థెరపిస్టు ఒడియాలో చెప్తున్నాడు, నాన్న తల తిప్పేసుకుంటున్నాడు. షాపులో ముప్పయ్యేళ్ళు ఒడియా మాట్లాడిన మనిషే కదా?

మెదడు ఎడమవైపు దెబ్బ తింటే కుడివైపు పడిపోవడంతో పాటు మాట కూడా పోవచ్చు, స్ట్రోక్ వచ్చినవాళ్ళలో సుమారు మూడో వంతు మందికి ఇలా అవుతుంది. రెండు మూడు భాషలు వచ్చినవాళ్ళకి అన్నీ ఒకే మోతాదులో తిరిగి రావాలని లేదు. కొందరికి ఇంటి భాష ముందొస్తుంది, కొందరికి రోజూ బయట వాడిన భాష ముందొస్తుంది. ఏది వస్తే దాన్ని పట్టుకోండి. మొదటి కొన్ని రోజులు ఇంట్లో తెలుగు తెలిసినవాళ్ళు థెరపీలో పక్కన కూర్చుని చిన్న వాక్యాలు చెప్పండి, "కాలు ఎత్తు", "ఆపు", "బాగుంది". తెలివి పోయిందనుకుని చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడకండి, మాట పోయినంత మాత్రాన బుద్ధి పోదు, ఆ అవమానమే చాలామందిని మూలకి నెట్టేస్తుంది. అవును, కాదు అనే ప్రశ్నలు వెయ్యండి, బొమ్మలు చూపించండి, జవాబుకి టైమివ్వండి.

అమ్మ వీధి అరుగు మీదకి కూడా రానంటోంది. మూతి వంకరగా ఉందని సిగ్గట.

సిగ్గే, కానీ చాలాసార్లు దాని వెనక దొడ్డికి వెళ్ళే సమస్య ఉంటుంది, ఆడవాళ్ళు నోరు తెరిచి చెప్పరు. బయట కూర్చున్నప్పుడు అర్జెంటయితే చీరతో నడవలేక ఎక్కడ అవుతుందో అని నీళ్ళు తాగడం కూడా మానేస్తారు. కమోడ్ కుర్చీ ఒకటి తెచ్చిపెట్టండి, చీరకి బదులు నైటీయో, పక్కకి ముడి వేసుకునే బట్టలో కుట్టించండి. తర్వాత వంటింట్లోకి పిలవండి. కుర్చీలో కూర్చోబెట్టి బఠాణీలు ఒలవడం, కొత్తిమీర తుంచడం, పప్పు ఏరడం అప్పజెప్పండి. రబ్బరు బంతి నొక్కమంటే చెయ్యని ఆవిడలు పప్పు ఏరమంటే అరగంట కూర్చుంటారు, ఇంట్లో తన చోటు తనకి తిరిగొచ్చినట్టుంటుంది కాబట్టి.

## మూడో నెల దాటాక

మూడు నెలలైంది, ఇక రాదని ఊళ్ళో అందరూ అంటున్నారు. నిజమేనా?

వేగం తగ్గుతుంది, ఆగిపోదు. అమెరికాలో ఎక్సైట్ అనే పరిశోధన జరిగింది, 2006లో ఫలితాలు వచ్చాయి. స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మందిని తీసుకుని, అందులో ఒక జట్టుకి మంచి చేతికి తొడుగు వేసి రెండు వారాల పాటు బలహీనమైన చేత్తోనే పనులు చేయించారు. వాళ్ళ చెయ్యి మిగతావాళ్ళ కన్నా బాగా మెరుగైంది. అందరికీ పనికొచ్చే పద్ధతి కాదు, మణికట్టూ వేళ్ళూ కొంచెమైనా తెరుచుకుంటూ ఉండాలి. అయినా మూడు నెలలకి తలుపు మూసుకుపోతుందన్న మాట తప్పని మాత్రం తెలుస్తోంది కదా.

ఏ లక్ష్యం పెట్టినా పట్టించుకోవట్లేదు.

ఆ లక్ష్యం ఎవరిది? "వంద అడుగులు నడవాలి" అన్నది నాదో మీదో. ఆయన్నడగండి. పొలం గట్టు మీదకి వెళ్ళాలంటాడు, రథయాత్రకి తాడు పట్టుకోవాలంటాడు, మనవడి పెళ్ళికి పీటల దగ్గర నిలబడాలంటాడు. దాన్ని ముక్కలు చెయ్యండి, ఈ వారం కుర్చీలోంచి చెయ్యి ఆన్చకుండా లేవడం, వచ్చే వారం గుమ్మం దాకా. మనసు వచ్చాక పని చేస్తారని అందరం అనుకుంటాం, నేను చూసినంతలో చిన్న పని ఒకటి అయ్యాకే మనసు వస్తుంది. పాత క్యాలెండర్ మీద చేసిన రోజు పెన్సిలుతో టిక్కు పెట్టుకోమనండి, ఆ టిక్కు ఆయనే పెట్టాలి, వీలైతే పడిపోయిన చేత్తోనే.

పక్కింటాయనకి మా నాన్న తర్వాత స్ట్రోక్ వచ్చింది, అప్పుడే నడిచేస్తున్నాడు. అది చూసి నాన్న నీరసపడిపోతున్నాడు.

మెదడులో దెబ్బ తిన్న చోటు వేరు, సైజు వేరు, వయసు వేరు. పోలిక పెట్టాలంటే పోయిన నెల నాన్నతో ఈ నెల నాన్నని పెట్టండి. ఫోన్లో నడక వీడియో తీసి నెల తర్వాత చూపిస్తే నమ్ముతాడు.

డిప్రెషన్ మాత్ర వాడితే చెయ్యి కూడా త్వరగా వస్తుందని ఎవరో చెప్పారు.

2011లో వచ్చిన ఒక చిన్న పరిశోధనలో ఫ్లూక్సెటిన్ అనే మాత్రతో చేతులు కాళ్ళు బాగా మెరుగయ్యాయని తేలింది, అందరికీ ఆశ పుట్టింది. తర్వాత బ్రిటన్‌లో మూడు వేల పైచిలుకు మందితో ఫోకస్ అని పెద్దది చేస్తే ఆ లాభం కనపడలేదు. డిప్రెషన్ తగ్గింది, కానీ ఎముకలు విరగడం పెరిగింది. కాబట్టి డిప్రెషన్ ఉంటే డాక్టరు రాసిన మందు వాడండి, అది తగ్గితే ఎక్సర్‌సైజుకి మనిషి లేస్తాడు. చెయ్యి కోసమని మెడికల్ షాపులో అడిగి కొనుక్కోకండి.

"నేను పోతేనే మీకు సుఖం" అంటున్నాడు. ఊరికే అంటున్నాడా?

ఊరికే అనుకోవద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడిగితే ఆలోచన పుట్టదు, లోపలున్నది బయటికొస్తుంది. పురుగుల మందు డబ్బాలు, మాత్రల స్ట్రిప్పులు ఇంట్లోంచి తీసెయ్యండి, ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416, రాత్రి పగలు పనిచేస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో, ఒడియాలో కూడా మాట్లాడతారు. అదే రోజు డాక్టరుకి చూపించండి.

## ఏడాది, ఆ పైన

ఇంటి పెద్ద ఆయనే. సంపాదన పోయింది, ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడడు.

కాలు కన్నా పరువు ఎక్కువ బాధపెడుతోంది. డబ్బు లెక్కలు, పాలవాడి ఖాతా, పెళ్ళి పిలుపుల లిస్టు ఆయన చేతికే ఇవ్వండి. ఇంట్లో నిర్ణయం ఏదైనా ఆయన్నడిగి తీసుకోండి, ఆయన మంచం దాటుకుని వెళ్ళి వంటింట్లో గుసగుసలాడొద్దు. వైకల్యం 40 శాతం, ఆ పైన ఉంటే యూడీఐడీ కార్డుకి, అంటే వికలాంగులకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డుకి, అప్లై చెయ్యండి. ఒడిశా వైపు ఉన్నవాళ్ళు మధుబాబు పింఛను గురించి బ్లాకు ఆఫీసులో అడగండి. మొత్తం చిన్నదే, కానీ తన పేరు మీద వచ్చిన డబ్బుతో మనవడికి చాక్లెట్ కొనిచ్చిన రోజు మనిషి తీరు వేరుగా ఉంటుంది.

నేను సూరత్‌లో, తమ్ముడు హైదరాబాదులో. ఫోన్లో ఏం చెయ్యగలం?

"ఎక్సర్‌సైజు చేశావా?" అని అడగడం మానెయ్యండి, అది హెడ్‌మాస్టరు ఫోను. రోజూ ఒకే టైముకి వీడియో కాల్ చేసి, మీరు టీ తాగుతూ ఉండగా ఆయన్ని లేచి నిలబడమనండి. అమ్మతో విడిగా మాట్లాడండి, ఆవిడ ఎలా ఉందో ఎవరూ అడగరు.

పర్లాకిమిడి, గుణుపురం వైపు ఉన్నవాళ్ళం ఎక్కడికి వెళ్ళాలి? తిరగలేక మానేశాం.

బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ, కొరాపుట్‌లో సాహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ, ఆంధ్ర వైపు విశాఖ కె.జి.హెచ్. ఉన్నాయి. కటక్ దగ్గర ఒలట్‌పూర్‌లో పునరావాసం కోసమే పెట్టిన జాతీయ సంస్థ ఉంది, స్వామి వివేకానంద పేరుతో, కృత్రిమ అవయవాలు, కాలికి వేసే స్ప్లింట్లు అక్కడ చేస్తారు. రాష్ట్రం దాటి వెళ్ళేముందు మీ హెల్త్ కార్డు అక్కడ చెల్లుతుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. వారానికోసారి బస్సులో నాలుగు గంటలు ఊగించి తీసుకెళ్తే ఆ మర్నాడంతా మనిషి పడుకునే ఉంటాడు, దాన్ని మళ్ళీ "మనసు లేదు" అంటారు. నెలకోసారి వెళ్ళి, ఇంట్లో చెయ్యాల్సినవి వీడియో తీయించుకుని రావడం నయం.

## చూసుకునేవాళ్ళ కోసం

అన్నీ మేమే నేర్చుకుని చేయిస్తే ఫిజియో అక్కర్లేదు కదా?

ఈ ఆలోచనని మన దేశంలోనే పరీక్షించారు. అటెండ్ అనే పరిశోధనలో 14 ఆసుపత్రుల్లో 1250 మంది రోగుల్ని తీసుకుని, సగంమంది ఇళ్ళల్లోవాళ్ళకి శిక్షణ ఇచ్చి ఇంట్లో చేయించమన్నారు. 2017లో ఫలితం చూస్తే మామూలు వైద్యం తీసుకున్నవాళ్ళకీ వీళ్ళకీ తేడా లేదు. కుటుంబం దండగని దీని అర్థం కాదు, భారం మొత్తం వాళ్ళ మీద పడేస్తే సరిపోదని. మీరు తోడుండండి, ఏం చెయ్యాలో ఎంత చెయ్యాలో తెలిసినవాళ్ళు చెప్పాలి.

నాకే విసుగొచ్చేస్తోంది. అరిచేస్తున్నాను, తర్వాత ఏడుస్తున్నాను.

కోడళ్ళు, భార్యలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది, అదీ వీధి గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించి. రాత్రి నిద్ర లేకపోతే ఎవరైనా అరుస్తారు. వారంలో ఒక పూట ఆడపడుచుకో, మరిదికో అప్పజెప్పి బయటికి వెళ్ళండి, గుడికో పుట్టింటికో. ఎవరూ ముందుకు రాకపోతే అడగండి, అడగకుండా రారు. 14416కి మీరు కూడా ఫోన్ చెయ్యొచ్చు, అది రోగులకి మాత్రమే కాదు.

పండక్కి నాలుగు రోజులు మానేశాడు. చేసిందంతా పోయినట్టేనా?

పోలేదు. కాస్త బిగుసుకుపోయి ఉంటుంది, మొదటి రోజు సగం చేయించండి, తర్వాత మామూలే. మానేసిన రోజుల లెక్క ఆయన ముందు తియ్యకండి.